చిన్న క్లినిక్‌లో ఇన్ఫెక్షన్ కంట్రోల్: పేషెంట్లకి చెప్తే కోపాలొస్తున్నాయి, మీరెలా చెప్తున్నారు?

ఓపీ_సిస్టర్:

అందరికీ నమస్తే. గుంటూరు వైపు ఒక చిన్న టౌన్‌లో, క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. సార్ జనరల్ ఫిజీషియన్, మేడం గైనిక్, ఇద్దరికీ కలిపి ఒకటే వెయిటింగ్ హాల్. నాతో పాటు ఇంకో అమ్మాయి, ఒక ఆయమ్మ, అంతే స్టాఫ్. ఇన్ఫెక్షన్ కంట్రోల్ సంగతి నువ్వే చూసుకోమ్మా అని సార్ నాకు అప్పగించారు. సామాన్ల విషయంలో పెద్ద లోటేమీ లేదు, ఆటోక్లేవ్ (ఆవిరితో సామాన్లు స్టెరైల్ చేసే మిషన్) ఉంది, చెత్తకి రంగు కవర్లు ఉన్నాయి, బయో వేస్ట్ బండి వస్తుంది. నా తలనొప్పంతా జనంతోనే.

దగ్గుతూ వచ్చినాయనకి మాస్క్ ఇస్తే "నాకేమన్నా టీబీ ఉందనుకున్నావా" అని హాల్లో అందరి ముందూ అరిచాడు. ఆటలమ్మ పోసిన పిల్లాణ్ణి తీసుకొచ్చి, సరిగ్గా మేడం కోసం వచ్చిన కడుపుతో ఉన్నావిడ పక్కనే కూర్చోబెడతారు, కాస్త అటు కూర్చోండమ్మా అంటే మమ్మల్ని వెలేసినట్టు మాట్లాడుతున్నావంటారు. ఒక్క పేషెంటుకి నలుగురు తోడొచ్చి డ్రెస్సింగ్ రూమ్ మంచం మీదే కూర్చుంటారు. జ్వరమంటే సూది, నీరసమంటే గ్లూకోజు, ఎక్కించకపోతే ఈ డాక్టరుకి ఏమీ తెలీదని పక్క వీధికి పోతారు. గోడ నిండా మందుల కంపెనీల వాళ్లు ఇచ్చిన పోస్టర్లున్నాయి, చేతులు కడుక్కునే బొమ్మ ఉన్న పోస్టర్ కిందున్న బేసిన్‌లోనే ఉమ్మి పోతున్నారు.

మీ దగ్గర ఏది పనిచేసింది? థియరీ నర్సింగ్‌లో చదువుకున్నాం కాబట్టి అది వద్దు, పేషెంటుతో మీరు అచ్చంగా ఏ మాట అంటారో ఆ మాటే రాయండి ప్లీజ్.

ఐసీఎన్_హైదరాబాద్:

సిస్టర్, నేను హైదరాబాద్‌లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తాను, మాది పెద్ద ఆస్పత్రే అయినా ఓపీలో గొడవలు మాత్రం మీలాంటివే. మీరు రాసినవాటిలో సగం గొడవ చెప్పే మాటలో లేదు, చెప్పే చోటులో ఉంది. మనిషి హాల్లో కూర్చుని, పక్కవాళ్లతో మాట కలిపాక మీరు వెళ్లి మాస్క్ ఇస్తే అది అందరి ముందూ అవమానం కిందే లెక్క. అదే టోకెన్ రాసే దగ్గర, పేరూ వయసూ అడిగేటప్పుడే "జ్వరమా, దగ్గా, ఒంటి మీద పొక్కులేమన్నా ఉన్నాయా" అని అందరినీ ఒకేలా అడిగి, దగ్గని చెప్పిన ప్రతివాళ్లకీ టోకెన్‌తో పాటు మాస్క్ చేతిలో పెట్టేయండి. "దగ్గున్నవాళ్లందరికీ ఇస్తున్నామండీ, లోపల చంటిపిల్లలున్నారు" అంటే చాలు. కారు దిగి వచ్చినాయనకైనా, ఎమ్మార్వో గారికైనా ఇవ్వాలి. ఒక్కరిని వదిలేసినా రెండోవాడు గొడవ చేస్తాడు, చేయడం న్యాయం కూడా.

పొక్కుల కేసులు హాల్లోకి రాకూడదు, ఇక్కడ మొహమాటానికి చోటు లేదు. తట్టు అయితే, అది ఉన్న పిల్లాడు వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాల్లో ఉండగలదు. ఆటలమ్మ పొక్కులు కనబడటానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచి, అన్నీ పక్కు కట్టేదాకా అంటుతుంది. చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణికి అది తగిలితే న్యుమోనియా దాకా పోవచ్చు. మీ హాలు గైనిక్ మేడంతో కలిసి ఉంది కాబట్టి బయట వరండాలో రెండు కుర్చీలు వేసి, సార్‌ని అక్కడికే వచ్చి చూడమనండి, లేదా వాళ్లని పక్క తలుపు నుంచి నేరుగా లోపలికి పంపండి. "అటు కూర్చోండి" అనకుండా "బాబుకి ఇబ్బందిగా ఉంటుంది, మిమ్మల్ని ముందే పంపిస్తాం, ఇటు రండి" అనండి. ముందు పంపిస్తామంటే అలిగేవాళ్లుండరు. పొరపాటున ఎవరైనా గర్భిణి పక్కన కూర్చునే ఉంటే ఆవిడ పేరు రాసుకుని అదే రోజు మేడంకి చెప్పండి, ఆలస్యమైతే చేయగలిగింది తగ్గిపోతుంది.

ఇక్కడ మన ఊళ్ల పద్ధతి మనకి కలిసొస్తుంది. అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపాకు కట్టడం, పిల్లాణ్ణి బయటికి పంపకపోవడం, తలకి నీళ్లు పోసేదాకా చుట్టాలు రాకపోవడం మా అమ్మమ్మ కాలం నుంచి ఉన్నవే. దాన్ని మూఢనమ్మకం అని ఎగతాళి చేసే డాక్టర్లంటే నాకు చిరాకు. "మీ ఇంట్లో ఎలా విడిగా ఉంచుతారో ఇక్కడా అలాగేనమ్మా" అంటే ముసలావిడే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంకోటి, హాల్లో ఏసీ ఉంటే కిటికీలు మూసేస్తారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకురాదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. టీబీ విషయంలో అంతకంటే అధ్వానం ఉండదు. రెండువైపులా కిటికీలు తీసి ఫ్యాన్ వేస్తే చాలా నయం. రెండు వారాలకి మించి దగ్గుంటే కళ్లె పరీక్షకి పంపమని సార్‌కి గుర్తు చేయండి, సర్కారు ఆస్పత్రిలో ఉచితమే. టీబీ అని తేలితే ప్రైవేటు క్లినిక్ అయినా ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచి నిబంధన ఉంది.

నిజం_చెప్తా:

సెలైన్లు జనం అడుగుతున్నారా, మీరే పెడుతున్నారా? మా ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో గుమ్మం దాటగానే చేతికి క్యాన్యులా. డబ్బులు వస్తాయి కాబట్టి పెడతారు, తర్వాత పేషెంట్లకి చదువు చెప్పాలి అంటారు.

పల్లె_డాక్టర్:

పైన అన్నాయన మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. నేను ఖమ్మం జిల్లాలో ప్రాక్టీస్ చేస్తాను. నా ఉద్దేశంలో చిన్న క్లినిక్‌లో అన్నిటికంటే మంచి ఇన్ఫెక్షన్ కంట్రోల్ వేయని ఇంజెక్షన్. ఒళ్లునొప్పులకి డైక్లో సూది, నీరసానికి బి కాంప్లెక్స్ సూది, జలుబుకి యాంటీబయాటిక్ సూది, ఇవి మానేస్తే మీ షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు వేసే డబ్బా) సగం ఖాళీ, మీ ఆయమ్మ వేలికి గుచ్చుకునే ప్రమాదం సగం ఖాళీ. నర్సు ఎంత జాగ్రత్తపడినా డాక్టరు పెన్ను ఆగకపోతే లాభం లేదు కాబట్టి సిస్టర్, ఈ పేజీ మీ సార్‌కి కూడా చూపించండి.

గ్లూకోజు అడిగినవాళ్లకి నేను చెప్పేది ఇది: "ఈ సీసాలో ఉన్నది 25 గ్రాముల పంచదార, మిగతాది నీళ్లు. నోటితో తాగగలిగినప్పుడు చేతికి రంధ్రం ఎందుకు?" అయిదు శాతం డెక్స్ట్రోజ్ అర లీటరులో లెక్క అంతే, వంద కేలరీలు, రెండు ఇడ్లీలు తిన్నా అంత వస్తుంది. ఖాళీ సీసా ఒకటి టేబుల్ మీద పెట్టుకున్నాను, పక్కన ఒక గిన్నెలో 25 గ్రాముల పంచదార. అది చూశాక మగవాళ్లు నవ్వేసి లేస్తారు, ఆడవాళ్లు మాత్రం కాసేపు వాదిస్తారు, ఎందుకంటే పొలం పనిలో వాళ్ల నీరసం నిజం, దానికి రక్తం పరీక్ష చేయించి ఐరన్ మాత్రలు రాస్తేనే సమాధానం. వాంతులు ఆగకుండా అవుతూ ఏదీ నిలవకపోతే సెలైన్ పెట్టాల్సిందే, అప్పుడు నేనే పెడతాను.

మీరు వద్దంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు అంటారా, కొందరు పోతారు. అందుకే వాళ్లకి ఒక్క మాట నేర్పి పంపాలి: ఎక్కడికెళ్లినా సిరంజి కవరు మీ కళ్ల ముందే చింపమని అడగండి, తెరిచి ఉన్నది వద్దనండి. భయపెట్టడానికి కాదు, జరిగినవే చెప్తాను. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్లీ వాడి హెపటైటిస్ బి పాకింది, చాలామంది చనిపోయారు. ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో పదుల మందికి హెచ్ఐవీ ఉందని 2018 మొదట్లో బయటపడింది, సైకిల్ మీద తిరుగుతూ ఒకే సూదితో వైద్యం చేసినతని మీద కేసు పెట్టారు. ఈ రెండు కథలు చెప్తే పేషెంటుకి "ప్రోటోకాల్" అన్న మాటే అక్కర్లేదు.

షుగర్_అమ్మ_కొడుకు:

నేను మెడికల్ వాణ్ణి కాదు, అమ్మని తీసుకుని ఆస్పత్రులు తిరిగేవాణ్ణి. మా వైపు నుంచి ఒక మాట. డాక్టరు గారు అడగమన్నారు, అడిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. ఒక ఉచిత షుగర్ క్యాంపులో వరసగా కూర్చున్నవాళ్లందరికీ ఒకే పెన్నులాంటి దాంతో వేలు గుచ్చుతుంటే, అది మార్చరా అని అడిగాను. లోపల సూది మారుస్తున్నాం కదా, నీకెందుకు అన్నారు. అమ్మ నా చెయ్యి గిల్లి కూర్చోబెట్టింది, మనకి ట్రీట్‌మెంట్ సరిగ్గా చేయరేమో అని ఆవిడ భయం. పేషెంట్లు ఎందుకు అడగరంటే తెలీక కాదు, భయపడి.

కాబట్టి సిస్టర్ గారూ, అడగొచ్చని మీరే ముందు చెప్పండి. నోరు తెరిచి "కొత్త సూదేనా అని మమ్మల్ని అడగండమ్మా, మేమేమీ అనుకోం" అని మీరు అన్న రోజు మా అమ్మ లాంటివాళ్లు అడుగుతారు. బోర్డు పెడితే ఇంగ్లీషులో వద్దు, తెలుగైనా పొడుగ్గా వద్దు, మా అమ్మకి చదువు రాదు. ఇంకోటి, మీరు జాగ్రత్తలన్నీ డాక్టరు దగ్గరికి వెళ్లకముందే చెప్తారు, అప్పుడు మా ధ్యాసంతా రిపోర్టులో ఏముందో అన్న టెన్షన్ మీదే ఉంటుంది. మందుల చీటీ చేతికొచ్చి, ఏ మాత్ర ఎప్పుడు అని అడిగేటప్పుడు చెప్తే బుర్రకెక్కుతుంది.

ఐసీఎన్_హైదరాబాద్:

బ్రదర్, మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. లోపల సూది మార్చినా ఆ పెన్ను మూతికి కంటికి కనబడనంత రక్తం అంటుకుంటుంది, హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం వారం రోజులు బతుకుతుంది. ఆ పెన్ను ఇంట్లో ఒక్క మనిషికే వాడాలి. క్యాంపుల్లో, క్లినిక్కుల్లో ఒకసారి గుచ్చితే తనంతట తనే లాక్ అయిపోయే లాన్సెట్లు (వేలు గుచ్చే చిన్న సూదులు) వాడాలి.

చీటీ దగ్గర చెప్పమన్నది కూడా మంచి మాట. దానికి నేను ఒకటి కలుపుతాను. చెప్పడం అయ్యాక "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ ఆఁ అనే అంటారు. "ఇంటికెళ్లాక ఏం చేస్తావో నాకు ఒకసారి చెప్పు పెద్దమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అనండి. తప్పు మన మీద వేసుకుంటే వాళ్లకి పరీక్షలా అనిపించదు. మొదటిసారి వింటే నవ్వొస్తుంది, మనం చెప్పింది ఒకటి వాళ్లు పట్టుకున్నది ఇంకోటి.

ల్యాబ్_తమ్ముడు:

అందరూ పేషెంట్ల గురించే రాస్తున్నారు, ఆయమ్మని మర్చిపోయారు. క్లినిక్‌లో సూదులు గుచ్చుకునే ప్రమాదం కవరు ఎత్తే మనిషికీ ఉంది, ఎందుకంటే ఎవరో తొందరలో సూది తీసుకెళ్లి ఎర్ర కవర్లో పడేస్తారు. ముందు ఆవిడకి హెపటైటిస్ బి టీకా వేయించారా సిస్టర్? ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, మొత్తం మూడు డోసులు. మూడోది అయిన ఒకటి రెండు నెలలకి టీకా పనిచేసిందో లేదో తెలిసే యాంటీబాడీ టెస్టు చేయిస్తే 10 mIU/ml దాటాలి. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్న పేషెంటు సూది గుచ్చుకుంటే వచ్చే అవకాశం నూటికి ఆరు నుంచి ముప్ఫై దాకా, హెచ్ఐవీ అయితే వెయ్యికి మూడు. అందరికీ భయం మాత్రం రెండో దాని మీదే.

గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకి చెప్పాలి. హెచ్ఐవీ మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి, పెద్ద గవర్నమెంట్ ఆస్పత్రిలో ఉచితంగా దొరుకుతుంది. ఇది ఆయమ్మకి తెలియాలి, తిడతారని దాచిపెట్టకుండా చెప్పేలా మీరు ఆవిడతో ఉండాలి. మా దగ్గర కవరు గురించి నేను చెప్పేది సింపుల్: సూది తెల్ల డబ్బాకి, సూది లేని సిరంజీ సెలైన్ పైపూ గ్లవ్స్ ఎర్రకి, రక్తం అంటిన దూదీ గుడ్డా పచ్చకి (పసుపు కవర్‌నే మా ఆయమ్మ పచ్చ అంటుంది), గాజు సీసాలు నీలానికి. రక్తం అంటిన చెత్త 48 గంటలకి మించి క్లినిక్‌లో ఉండకూడదు, 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం.

గ్లవ్స్ గురించి కూడా ఒక ముక్క. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ఆ చేత్తోనే ఫోన్ ఎత్తి, తలుపు తీసి, మళ్లీ రక్తం తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికంటే కడిగిన ఉత్తచేతులు నయం.

పల్లె_డాక్టర్:

తమ్ముడు లోపలి సంగతి ఎత్తాడు కాబట్టి నేనూ చెప్తాను. పేషెంట్లకి పాఠం చెప్పేముందు డ్రెస్సింగ్ ట్రాలీ ఒకసారి చూడండి. పొద్దున్నే డబ్బాలో దూది నింపి స్పిరిట్ పోసి సాయంత్రం దాకా వేళ్లతో తీయడం మన దగ్గర అంతటా ఉంది, అది వద్దని డబ్ల్యూహెచ్‌ఓ ఎప్పుడో చెప్పింది, అప్పటికప్పుడు తడుపుకోవాలి. జైలోకైన్ (తిమ్మిరి మందు) సీసా మూతకి ఒక సూది గుచ్చి అలాగే వదిలేయడం ఇంకా ఘోరం. తెరిచిన తేదీ సీసా మీద రాసి 28 రోజులకి పారేయాలి, లేబుల్ మీద ఇంకా తక్కువ రాసుంటే అంతే. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు వచ్చాయంటే ప్యాకెట్‌కి వేడి తగిలిందని మాత్రమే, లోపల కత్తెర స్టెరైల్ అయిందని కాదు. చుట్టిన ప్యాకెట్లయితే 121 డిగ్రీలు చేరాక అరగంట ఉండాలి, కుక్కర్ లాగా మొదటి విజిల్ నుంచి లెక్కపెట్టకూడదు. నీళ్లలో ఉడకబెట్టి కుట్లు వేసే రోజులు పోయాయి.

ఓపీ_సిస్టర్:

అందరికీ చాలా థాంక్స్. నిజం చెప్తా గారూ, మా సార్ అనవసరంగా సెలైన్ పెట్టే మనిషి కాదు, కానీ మీ మాట అందరికీ తగలాల్సిందే. టోకెన్ దగ్గర మాస్క్ ఇవ్వడం రేపటి నుంచే మొదలుపెడతాం, వరండా కుర్చీలకి మేడం ఒప్పుకున్నారు. ఆయమ్మకి టీకా వేయించలేదు, ఇవాళే మొదటి డోసుకి చెప్పాను. పంచదార గిన్నె ఐడియా సార్‌కి చాలా నచ్చింది, చీమలు పడతాయని ఆయమ్మకి నచ్చలేదు.

ఇంకో రెండు అడుగుతాను. నేల మీద రక్తం పడితే మేం ఫినాయిల్ వేసి తుడుస్తున్నాం, సరిపోతుందా? రెండోది, కుట్లు వేసి పంపినవాళ్లు ఇంటికెళ్లి దాని మీద పసుపు, కాఫీ పొడి, ఒకాయనైతే టూత్‌పేస్ట్ రాసుకుని వచ్చాడు. వాళ్లకేం చెప్పాలి?

ఐసీఎన్_హైదరాబాద్:

రక్తానికి ఫినాయిల్ చాలదు, హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) వాడండి. అయిదు శాతం క్యాన్ తెస్తే ఒక వంతు మందుకి నాలుగు వంతుల నీళ్లు, అప్పుడు ఒక శాతం అవుతుంది. గ్లవ్స్ వేసుకుని, రక్తం మీద ముందు పాత గుడ్డో పేపరో కప్పి, దాని మీద ఇది పోసి, కనీసం పది నిమిషాలు ఆగి అప్పుడు తీసి పసుపు కవర్లో వేయాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి, నిన్నటిది బలం తగ్గుతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపనివ్వొద్దు, విషవాయువు వస్తుంది, ఈ మాట ఆయమ్మతో రెండుసార్లు చెప్పండి.

కుట్ల సంగతి. పసుపు రాయొద్దు అని ఒక్కటే చెప్తే రాస్తారు, ఎందుకంటే ఏదో ఒకటి చేయకుండా ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోలేరు. వాళ్ల చేతికి పని ఇవ్వాలి. "రెండు రోజులు కట్టు తడవనివ్వకండి, విప్పొద్దు. మూడో రోజు చేతులు సబ్బుతో కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లతో మెల్లగా కడిగి, మేమిచ్చిన గాజ్ గుడ్డ వేసి కట్టండి" అని పనిగా చెప్తే పసుపు డబ్బా దగ్గరికి వెళ్లరు. ఏ రోజు విప్పాలన్నది మీ సార్ ఎలా చెప్తే అలా. ఎర్రగా వాచినా, చీము కనబడినా, నొప్పి తగ్గాల్సింది పెరిగినా, జ్వరం వచ్చినా డేటు కోసం ఆగకుండా రమ్మనండి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి తెలియకపోవచ్చు కాబట్టి నొప్పి లేదు కదా అని ఉండిపోవద్దనీ, పాదం రోజూ ఎవరితోనైనా చూపించుకోమనీ చెప్పాలి.

పల్లె_డాక్టర్:

కుట్లు అన్నారు కాబట్టి ఒకటి చెప్పి ఆపుతాను. గీత పడ్డ ప్రతిసారీ టీటీ (ధనుర్వాతం టీకా) వేయించుకునే అలవాటు కూడా పోవాలి. మూడు డోసులు పూర్తయినవాళ్లకి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ల లోపు మళ్లీ అక్కర్లేదు, మట్టి పడిన లోతు గాయమైతే అయిదేళ్లు దాటితే వేయాలి. ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తుండదు కాబట్టి వేసిన తేదీ మందుల చీటీ మీద కాకుండా విడిగా ఒక చిన్న కార్డు మీద రాసి ఇవ్వండి, ఆధార్ కార్డు కవర్లో పెట్టుకోమని చెప్పండి, అది మాత్రం ఎవరూ పారేసుకోరు.